పార తెచ్చినవాళ్లకే మిగతా కథ

గడ్డిమంట మీద డప్పు కాచే వాసన ఆఫీసు కిటికీలోంచి వచ్చింది. కింద ఏదో ఊరేగింపు. నాగర్‌కర్నూల్‌లో కూర్చుని నేను బల్మూర్ వైపు ఒక ఊరికి, పూడిపోయి ఎండిన కాలువ గురించి ప్రకటన రాస్తున్నాను. ఆ వాసనకు చెయ్యి ఆగిపోయింది. బాలస్వామి తాత గుర్తొచ్చాడు.

పెద్దమందడి దగ్గరి ఊళ్లో నేను పంచాయతీ కార్యదర్శిగా కొత్తగా చేరినప్పుడు, అక్కడ డప్పు కొట్టి చాటింపు వేసేది ఆయనే. వానలు మొహం చాటేసిన ఏడాది. ఊరంతటికీ మంచినీళ్లిచ్చే బోరు గంట పోసి గంట ఆగుతోంది. "భూమిలో నీళ్లు అయిపోతున్నాయి, జాగ్రత్త!" అని రాసిచ్చి, నా రాతకు నేనే మురిసిపోయాను. తాత వాడవాడకూ చాటాడు. వారం తిరక్కుండా ఊళ్లోకి బోరుబండ్లు దిగాయి! పక్కవాడు తోడేలోపు మనమే తోడుకుందామని పోటీలు పడి పొలాల్లో బోర్లు వేయించారు. మంచినీళ్ల ధార ఇంకా సన్నబడింది.

"మనమే పిల్చినం మేడం గా బండ్లను," అన్నాడు తాత.

"మరి నిజం చెప్పొద్దా?" కస్సుమన్నాను.

"చెప్పాలె. గని భయపెట్టి ఇడిసిపెడితే ఎవని దారి వాడు చూసుకుంటడు. ఏం జేస్తే బతుకుతమో గది గూడ చెప్పాలె గద బిడ్డా."

అప్పటిదాకా మేడం అన్నవాడు బిడ్డా అన్నాడు. నాకు సిగ్గేసింది.

బోరుకు ఎగువన ఒక కుంట ఉంది. దానికి వాననీళ్లు తెచ్చే కాలువ సర్కారు తుమ్మ పొదలతో పూడిపోయింది. అది తవ్వితేనే కుంట నిండేది, కుంట నిండితేనే బోరుకు ఊట. మరునాడు తాత నా కాగితం ముట్టుకోలేదు. డప్పు కొట్టి శాంతమ్మ కథ ఎత్తుకున్నాడు. మొగుడు బొంబాయి పనికి పోతే, ఒక్కతే చేను మూలన గుంత తవ్వి వాననీళ్లు నిలిపిన మనిషి ఆమె. జనం నోరు తెరుచుకుని వింటుంటే టక్కున ఆపేశాడు. "మిగతాది రేపు పొద్దుగాల కాలువ కాడ చెప్త. పార పట్టుకొని వచ్చినోళ్లకే!"

తిట్టుకుంటూనే వచ్చారు. మొదటిరోజు పదిమంది, తర్వాత వాడలకు వాడలు. రోజుకింత కథ చెబుతూ తానూ మట్టితట్టలు మోశాడు. చివరికి ఆ కథను మా కుంటదాకా తెచ్చి "కుంట నిండింది, బోరు దబదబ పోసింది" అన్నాడు.

"ఏడ నిండింది తాతా? అబద్ధాలు జెప్తవేంది?" అని ఒకామె నిలదీసింది.

"ఇంక నిండలే. గిది జరగాల్సిన ముచ్చట. జరంత మిగిలింది, తవ్వుండ్రి. అబద్ధమో నిజమో తేలుతది!"

తవ్వారు. వాన ఆలస్యంగా వచ్చింది, కుంట సగమే నిండింది. అయినా మరుసటి ఎండాకాలం బోరు ఒక్కరోజూ ఆగలేదు. "సగం అబద్ధమాడిన బిడ్డా," అని తాత పగలబడి నవ్వాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ నవ్వు కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

ఎదుట ఉన్న కాగితం చూసుకున్నాను. నాలుగు పంక్తులూ బెదిరింపులే. ఇన్నేళ్లయినా బుద్ధి రాలేదు నాకు! చింపేశాను. బల్మూర్ వైపు ఆ ఊళ్లోనే తన చేను పక్క కాలువను ఒక్కతే బాగుచేస్తున్న అవ్వ గురించి రాసి, సగంలో ఆపి, మిగతాది రేపు పొద్దున కాలువ గట్టున అని పంపించాను.

సాయంత్రం ఆ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, గా అవ్వ చేన్లకు నీళ్లొచ్చినయా, లేదా?"

"మీ ఇంట్లో పార ఉందా?" అని అడిగాను.