మాట బంద్ అయిన రూమ్

భీమన్నది నోరు దురుసని ఊళ్లో అందరికీ తెలుసు. ఒమన్ వచ్చి బహ్లాలో మేస్త్రీ పనికి చేరాక ఆ నోటికి ధైర్యం కూడా తోడైంది. సముద్రం అవతల ఉన్నవాణ్ణి ఊరి కమిటీ ఏం పీకుతుందిలే అనుకున్నాడు. పిచ్చివాడు.

అభివృద్ధి కమిటీ అని పేరే గానీ, ఆ అభివృద్ధి అంతా పెద్దమనుషుల ఇళ్లలోనే కనిపిస్తుంది. ఉత్తర తెలంగాణలోని ఆ ఊళ్లో కోడికూర అమ్మాలన్నా కమిటీ పెట్టే వేలంలో హక్కు పాడుకోవాలి. నవీన అనే ఒంటరి ఆడమనిషి వేలంపాట పాడకుండానే బండి మీద కోళ్లు అమ్ముకుంది. కమిటీ పెద్ద గంగాధరం డప్పు చాటింపు వేయించి ఆమెను వెలివేశాడు. ఆమెతో ఎవరు మాట్లాడినా జుర్మానా.

ఆ సంగతి విన్న శుక్రవారమే భీమన్న ఖర్జూర తోట గోడ మీద కూర్చుని వీడియో తీసి ఊరి గ్రూపులో వదిలాడు. "గంగాధరం, ఊరేమన్న నీ అయ్య జాగీరా? ఆమె కోళ్లు ఆమె అమ్ముకుంటది. నీకేం నొప్పి?" గల్ఫ్‌లో ఉన్న ఊరివాళ్లు చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. మర్నాడు ఒక్కొక్కరే వాటిని తీసేశారు. భీమన్న భార్య కనకవ్వ ఇంటి ముందు కూడా డప్పు మోగింది మరి.

"ఒమన్ల ఉన్నోళ్లకు గూడ ఇదే కట్టు. వానితోని మాట్లాడితే జుర్మానా ఈడ మీ ఇంటోళ్లు కడ్తరు" అని గంగాధరం తన గొంతు రికార్డు చేసి గ్రూపులో పెట్టి, భీమన్నను అందులోంచి తీసేశాడు.

బహ్లాలో భీమన్న ఉండే రూమ్‌లో కడప డ్రైవర్ జావెద్ తప్ప అందరూ ఆ ఊరివాళ్లే. ఆ రోజు నుంచి భీమన్న గిన్నె వేరైంది. కనకవ్వకు చిన్నాన్న కొడుకు, ఆమె పెళ్లి దగ్గరుండి జరిపించిన నర్సింగ్ కూడా సిగ్గు లేకుండా మొహం తిప్పుకున్నాడు.

పిల్లలు లేని ఇంట్లో కనకవ్వ ఒక్కతే. తప్పయిందని వీడియో పెడతానని భీమన్న ఫోన్‌లో అంటే ఆమె ఊరుకోలేదు. "తప్పేం మాట్లాడినవ్? నువ్వు గూడ నోరు మూసుకుంటె నవీనకు దిక్కెవరు? నాకేం గాదు తియ్" అంది.

తర్వాత కొన్నాళ్లకు ఒక గురువారం ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోన్ ఎత్తలేదు. మర్నాడు శుక్రవారమూ అంతే. మధ్యాహ్నం అందరూ వంట దగ్గరున్నారు. భీమన్న ఉండబట్టలేక అడిగాడు.

"నర్సింగ్ బావా, ఇంటికి ఫోన్ చేసినవా? కనకవ్వ ఎత్తుత లేదు."

నర్సింగ్ తల ఎత్తకుండా జావెద్‌తో అన్నాడు: "భాయ్, మా చెల్లెకు కడుపునొప్పి లేసిందట. ఒక్క ఆటో రాలేదట. అంబులెన్సోళ్లకు అసొంటి ఇల్లే లేదని ఎవడో చెప్పిండట. నవీన కోళ్లబండి మీద ఏసుకొని నూకుతుంటె, రోడ్డు ఎక్కకముందే పానం పోయిందట. బావకు చెప్పు."

"ఎదురుగానే ఉండాడు కదప్పా. నువ్వే చెప్పు" అన్నాడు జావెద్.

"నేను మాట్లాడొద్దు భాయ్."

భీమన్న పొయ్యి ఆర్పేసి నర్సింగ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఎప్పుడు?" అన్నాడు.

"నిన్న పొద్దుగాల అని చెప్పు. మాకందరికి నిన్ననే ఎరుక."

ఒకే పొయ్యి దగ్గర, ఒకే కప్పు కింద, నిన్నటి నుంచి ఊరివాళ్లందరికీ తెలుసు.

"కొరివి ఎవరు పెట్టిండ్రు, బావా?"

నర్సింగ్ కళ్లు తుడుచుకున్నాడు. జావెద్ వైపే చూస్తూ అన్నాడు: "నవీన పెట్టిందని చెప్పు భాయ్. నేను చెప్పిన్నని మాత్రం ఊళ్లె తెల్వద్దు."