కారు కిందికి వెళ్లినవాళ్లు మాట్లాడుతూ ఉండాలి

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఫోర్‌మన్ గారనే పిలుస్తారు. ఉద్యోగంలోంచి దిగిపోయి చాలాకాలమైనా ఆ పిలుపు మాత్రం దిగిపోలేదు. ఆయన దిగనివ్వలేదు. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, లారీ క్లీనరుగా బయల్దేరి, బస్సు డిపోలో హెల్పరై, మెకానిక్కై, చివరికి షెడ్డు మొత్తానికి పెద్ద అయిన మనిషి. ఆయన చేతికింద పనిచేసిన వాళ్లలో ఒక్కడికైనా వేలిగోరు ఊడిన దాఖలా లేదు. ఈ సంగతి ఆయనే చెబుతాడు, అడిగినా అడక్కపోయినా చెబుతాడు. అయితే అబద్ధం మాత్రం కాదు.

అంతటి మనిషికి సొంత కారు కిందికి దూరడానికి ఇంట్లో అనుమతి కావలసి వచ్చింది.

ఆయన భార్యకు ఒక షరతు ఉంది. కారు కింద ఉన్నంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉండాలి. బయటికి కనబడేవి కాళ్లు రెండే కదా, కాళ్లను చూసి మనిషి క్షేమమో కాదో ఎలా తెలుస్తుందని ఆవిడ వాదన. ఏం మాట్లాడాలా అని ఆయన ఏనాడూ తడుముకోలేదు. తాను సాధించినవన్నీ మొదటినుంచీ అప్పజెప్పేవాడు. పోయినసారి మాత్రం ఒక నట్టు జారిపోకుండా పళ్లమధ్య పట్టుకున్నాడు. మాట ఆగింది. ఆవిడ రెండుసార్లు పిలిచింది, పలకలేదు. మూడోసారి పిలిచింది ఆయన్ని కాదు, వీధిని. ఇరుగుపొరుగు వచ్చి ఆయన కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చారు. నట్టు మింగినంత పనైంది.

"ఇంకొక్కసారి నా గుండె జారిందంటే కారు వెళ్లేది బయటి షెడ్డుకే. మీరు దాని కిందికి వెళ్లే ముచ్చట ఇక ఉండదు," అని ఆవిడ ఆరోజే తేల్చేసింది.

బస్సుల కింద బతుకంతా గడిపిన మనిషిని చిన్న కారు కిందికి వెళ్లొద్దంటే ఇంకేం మిగిలింది? అందుకే ఈసారి ఇంజన్ ఆయిలు మార్చడానికి దిగినప్పుడు, ఆవిడ గుండె ఉన్నచోటే ఉండేలా పని జరగాలని గట్టిగా అనుకున్నాడు.

పొద్దున్నే పేచీ మొదలైంది. ఆయన జాకీ నూనె కక్కుతోంది. బావమరిది దగ్గర చక్రాల జాకీ ఉంది. ఆ బావమరిది బీరువాలు, మంచాలు మోసే వ్యాను నడుపుతాడు. జాకీ తెచ్చిచ్చి ఊరుకోకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఎత్తెయ్ బావా, ఎంతసేపు? నేనైతే ఈపాటికి మార్చేసి స్నానం కూడా చేసేవాణ్ణి."

"నువ్వైతే ఈపాటికి ఆస్పత్రిలో ఉండేవాడివి. అటు జరుగు."

కారును గచ్చు చదునుగా ఉన్నచోట ఆపాడు. గేరులో పెట్టి, చేతి బ్రేకు లాగి, తాళంచెవి భార్య చేతికిచ్చాడు. ముందువైపు లేపాలి కాబట్టి వెనక చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు బిగించాడు. ఒక దిమ్మ వదులుగా అనిపిస్తే తీసి మళ్లీ కొట్టాడు. రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. బావమరిది ఆవలించాడు.

"ఆ ఇనుప స్టాండ్లెందుకు బావా? పక్కన ఇటుకలున్నాయిగా, రెండు పేర్చేస్తే పోలా?"

ఆయనకు ఒళ్లు మండింది. "ఇటుక పగిలేముందు నీకు చెప్పి పగులుతుందట్రా? జాకీ ఉన్నది ఎత్తడానికి. మోయడానికి స్టాండు. డిపోలో ఈ మాట చెప్పిచెప్పి నా గొంతు అరిగిపోయింది."

"అరిగినట్టు లేదు," అంది వాకిట్లోనే కత్తిపీట ముందు కూరలు తరుగుతున్న భార్య. "ఆ స్టాండ్లు నా వంటింటి బాల్కనీలో సగం మింగేశాయి. బట్టలారేసుకోవాలన్నా వాటిని అడిగే ఆరేసుకోవాలి."

ఆయన కారు ముందు వంగాడు. కంపెనీవాళ్లు గుర్తుపెట్టిన గట్టిచోటు వేలితో తడిమి చూసి, అక్కడ జాకీ ఆనించి, ఒక్కోవైపు లేపుతూ రెండు స్టాండ్లూ పెట్టాడు. బరువంతా వాటిమీదికి దించాక జాకీని తగిలీ తగలనట్టు ఉంచాడు. తర్వాత భుజం ఆనించి కారును బలంగా తోశాడు. కదల్లేదు. అటువైపు వెళ్లి మళ్లీ తోశాడు.

"ఇక మహారాజుగారు లోపలికి దయచేస్తున్నారు," అని బావమరిది వ్యాను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయన గోనెపట్టా పరుచుకుని లోపలికి జరిగాడు. పాత ఆయిలు పళ్లెంలోకి కారుతుంటే కబుర్లు మొదలయ్యాయి. కొండదారిలో బ్రేకు పోయిన బస్సును తానొక్కడే ఎలా బాగుచేసుకొచ్చాడు, పెద్ద ఆఫీసరు కారు దిగివచ్చి ఎలా కరచాలనం చేశాడు, సభలో గోడగడియారం ఎలా బహూకరించారు. ఆవిడ వంకాయలు తరుగుతూ "ఊఁ" కొడుతోంది. ఆ గడియారం కథ ఆవిడకు ఆయనకంటే బాగా వచ్చు.

ఆయిలు కారడం ఆగింది. ఆయిలు వదలడానికి తీసిన కింది బోల్టును ఆయన చేత్తో తిప్పి పెట్టాడు. ఇక పానాతో బిగించడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే బావమరిది పరుగెత్తుకొచ్చాడు. సందు చివర వ్యాను టైరు పంక్చరైంది, వెనక లారీవాడు హారను మోగించి చంపుతున్నాడు. "అక్కా, జాకీ తీసుకుపోతున్నా!" అంటూనే వంగి, పిడి తిప్పి, జాకీని బరబరా లాగేశాడు.

ఆవిడ కత్తిపీట దగ్గరనుంచి లేవనైనా లేదు. కేక మాత్రం లేచింది.

కారు కదల్లేదు. కింద గడియారం కథ సాగుతూనే ఉంది. "... అప్పుడు ఆఫీసరు ఏమన్నాడంటే, ఇలాంటి మనిషి... ఏమే, ఎందుకలా అరిచావ్?"

"బయటికి రండి! ముందు బయటికి రండి!"

ఆయన పాక్కుంటూ వచ్చాడు. జాకీ ఉండాల్సిన చోట జాకీ లేదు. అది బావమరిది చేతిలో ఉంది. ఆయన మొహం జేవురించింది.

"మనిషి కింద ఉండగా జాకీ లాగుతావట్రా?"

"స్టాండ్లున్నాయిగా బావా! నువ్వేగా అన్నావ్, మోసేది స్టాండని?"

తన మాటే తన నెత్తిన పడితే ఏమనాలి?

ఆవిడ మాత్రం తేరుకుంది. "నా గుండె జారింది. ఇక మీరు దాని కిందికి వెళ్లరు."

"నా తప్పేముందే! నేను చేయాల్సిందంతా చేయబట్టే కదా..."

"తప్పెవరిదని నేను అడగలేదు. జారిందా లేదా?"

"బోల్టు ఇంకా బిగించలేదే! అలా వదిలేస్తే కొత్తగా పోసే ఆయిలంతా కారిపోతుంది. జాకీ ఏమో వీడు పట్టుకుపోతాడు. కారు కిందికి దిగదు, పైకి పోదు. వాకిట్లో వేలాడుతూ ఉండాలా?"

ఆవిడ తమ్ముడివైపు తిరిగింది. "నువ్వు వెళ్లి బిగించు."

"నేనా?" బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. "జాకీ లేకుండానా? నావల్ల కాదక్కా. నాకు పెళ్లాం పిల్లలున్నారు."

"మా ఆయనకు లేరట్రా?"

ఆవిడ చేతులు చెంగుకు తుడుచుకుంది. కొంగు నడుముకు బిగించింది. ఆయన చేతిలోంచి పానా లాక్కుంది. కారు దగ్గరికి వెళ్లి, ఇటువైపు భుజం ఆనించి తోసింది. అటువైపు వెళ్లి మళ్లీ తోసింది. వెనక చక్రాల దిమ్మలు కాలితో తన్ని చూసింది. ఇన్నేళ్లు కూరలు తరుగుతూ ఆవిడ చూసింది కూరల్నే అనుకున్నాడాయన.

"ఏమే, నీకేం పని, ఆగు..."

ఆగలేదు. గోనెపట్టామీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. బయటికి కనబడేవి రెండు కాళ్లే. ఒక మట్టె వదులై పక్కకు తిరిగి ఉంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. స్టాండ్లు తానే పెట్టాడు. తానే తోసి చూశాడు. అయినా వంగి కుడివైపు స్టాండును ఒకసారి చూశాడు, ఎడమవైపుది ఒకసారి చూశాడు. లోపలినుంచి చప్పుడు లేదు.

"ఏమే."

చప్పుడు లేదు.

"ఏమేవ్! ఏదైనా మాట్లాడవే!"

"ఏం మాట్లాడను? నాకు గడియారాలెవరిచ్చారు?"

"ఏదో ఒకటి చెప్పు. ఆపకుండా చెప్పు."

కాసేపటికి పానా కిర్రుమంది. దాంతోపాటు ఆవిడ గొంతూ లేచింది. "సరే వినండి. మీ గడియారం ఆగిపోకుండా ఇన్నేళ్లూ కీ తిప్పింది ఎవరు? ఇల్లు కడుతుంటే వంటింటి గోడ వంకరని మేస్త్రీని పట్టుకున్నది ఎవరు?"

మేస్త్రీని పట్టుకున్నది తాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాదంటే ఆవిడ మాట ఆపేస్తుందేమోనని మింగేశాడు. "ఊఁ," అన్నాడు.

"మీరు రాత్రి డ్యూటీకి పోతే పెద్దాణ్ణి భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరిగింది ఎవరు?"

"ఊఁ."

సందు చివర లారీ హారను మోగుతూనే ఉంది. జాకీ పట్టుకుని నిలబడ్డ బావమరిది మెల్లగా అన్నాడు. "బావా, బోల్టు ఎప్పుడో బిగిసినట్టుంది."

"ఏమే, బిగిసిందా? బయటికి వచ్చేయ్."

"తొందరేముంది?" అంది కారు కిందినుంచి ఆవిడ. "ఇంకా చిన్నది పుట్టనేలేదు."