కుక్కపిల్లకు గోతం పరుపు

ఈ రోజు మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది. ఆర్డర్ పెట్టిన బోను రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందని టమాటా ట్రేలో పడుకోబెడదామనుకున్నాను. కుక్క ఇంట్లోకి రావడానికి వీల్లేదన్న నాన్నే పాత గోతం దులిపి, మడిచి అందులో పరిచారు. పడుకోబెట్టగానే అది తుమ్మడం మొదలుపెట్టింది. ఆపితే ఒట్టు. కంగారుపడి పశువుల డాక్టరుగారికి ఫోన్ చేసి, గోతం మీద పడుకోబెట్టామని చెప్పాను.

"ఆ గోతంలో ఇంతకుముందు ఏం పోశారమ్మా?" అన్నారాయన.

"మా చేలో మిరపకాయలండి."

"మరి మీకు ఘాటు తగలట్లేదా?"

అమ్మా, నాన్నా, నేనూ ముగ్గురం వంగి వాసన చూశాం. ఎవరికీ ఏమీ తెలియలేదు. నాన్న గోతం తీసేసి, భుజం మీది ఉతికిన కండువా పరిచారు. కాసేపటికి తుమ్ములు ఆగి, పిల్ల నిద్రపోయింది.

దానికో మంచి పేరు చెప్పండి. మిర్చి అని మాత్రం అనకండి, నాన్న ఊరుకోరు.