దానిమ్మ చెట్టులో పికిలిపిట్ట గూడు

విరుదునగర్‌లో ఫొటో స్టూడియో పెట్టదలచినవారు మిరపకాయల మండీ వీధిలో పెట్టకూడదు. పెళ్ళివారిని నానా తంటాలు పడి కదలకుండా నిలబెడితే, సరిగ్గా లెన్స్ మూత తీసే క్షణంలో పెళ్ళికొడుకు తుమ్ముతాడు. నేను చదివిన బి.ఏ.లో దీనికి మందు చెప్పలేదు.

ఆ తుమ్ములు పడలేకే 1932 వేసవిలో పిట్టల వైపు తిరిగాను. మా పెరట్లో తీసిన రెండు మూడు ఫొటోలు స్టూడియో గోడకు తగిలించాను. వాటి సంగతి విని కోవిల్‌పట్టి దగ్గరి పల్లె నుంచి రామానుజ నాయుడనే పత్తి రైతు వచ్చాడు. వాకిట్లో అరవం మాట్లాడినవాడు, గడప దాటగానే మన మాటలోకి దిగాడు.

“మా పెరట్లో దానిమ్మ చెట్టులో పికిలిపిట్ట గూడు కట్టిండాది సామీ. మూడు పిల్లలు. పడం తీయాల.”

“ఎవరికి, పిట్టకా?”

“మా ఇంటిదానికి. పురిట్లోనే బిడ్డ పాయె. రెండు నెలలు ఒక్క మాట లేదు. ఇప్పుడు ఆ గూటి గురించి మాట్లాడతాది. పిల్లలు ఎగిరిపోతే మళ్ళా ఏమయితాదో అని బయం.”

మర్నాడు వెళ్ళేసరికి ఆయన భార్య ఆండాళమ్మ కర్ర పట్టుకుని చెట్టు పక్కనే కూర్చుని ఉంది. మనుషులుంటే తల్లిపిట్ట రాదని చెప్పి, లోపలికి వెళ్ళమన్నాను.

“నేను దానికి పళక్కమే, దినామూ చూసే మనిషినే, అన్నా. నేనుంటే వస్తాది.”

“ఇది ఫొటో పనమ్మా,” అన్నాను. ఆమె లేచి వెళ్ళింది.

బొమ్మ పడే గాజు ప్లేటుకు వెలుతురు చాలలేదు. గూటికి అడ్డంగా ఉన్న కొమ్మ కత్తిరించాను. నల్లగుడ్డ కప్పుకొని గ్రౌండ్ గ్లాస్‌లో, అంటే కెమెరా వెనక బొమ్మ తలకిందులుగా పడే గరుకు అద్దంలో, చూశాను. మూడు పిల్లలూ నోళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. ఆకలి అనుకున్నాను. ఒక ప్లేటు తీసి, తల్లి మేతతో వస్తే ఇంకొకటి తీద్దామని కాచుకున్నాను. తల్లి గోడ మీద నుంచి అరిచింది గానీ దిగలేదు. గుడ్డ కింద నాకు ఉడికిపోతోంది. నాకు ఉడికితే వాటికీ ఉడుకుతుందని తోచడానికి గంటన్నర పట్టింది.

అవి మేత అడగడం లేదు. ఎండకు రొప్పుతున్నాయి. కోసిన కొమ్మ తెచ్చి అడ్డం పెట్టేసరికి, మూడూ కదలడం మానేశాయి.

ఆ ఒక్క ప్లేటు మాత్రం చాలా బాగా వచ్చింది. చూసినవారు “పాపం, ఎంత ఆకలో!” అంటారు. నేను దిద్దను. ఆ తర్వాత ఏ గూటి దగ్గరా కత్తెర తీయలేదు. పిల్లలు నోరు తెరిస్తే ముందు ఎండ ఎటుందో చూస్తాను.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం ఆండాళమ్మ నా కోసం మజ్జిగ తెచ్చింది. గూట్లోకి చూసింది. కొమ్మను చూసింది. చెంబు నా చేతికిచ్చి అంది:

“కాకి వస్తే తోలితిని, పిల్లి వస్తే తోలితిని. సదువుకున్న మనిషి కదా అని మిమ్మల్ని ఒంటిగా ఇడిచి పోతిని, అన్నా.”