లేబుల్ కింద ఏముందో

రాంగోపాల్‌పేట్‌లో మోటార్లకు వైండింగ్ చేసే మా ఉస్తాద్ మొన్న మంగళవారం పోయారు. ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది.

"డాక్టరు చూసిండా వదినా?" అన్నాను.

"ఆస్పత్రిల ఇద్దరు చూసిన్రు. నువ్వు సుత మామయ్య లెక్కనే అడుగుతున్నవ్."

మా ఊళ్లో కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేద్దామని ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నాను. ఏ సరుకు వచ్చినా ఆయన ముందు కుడి బొటనవేలి గోరుతో లేబుల్ మూల గీకి చూసేవారు. ఆ ఒక్క గోరు పెంచుకునేవారు. మందు సీసా అయినా అంతే.

చైనా సరిహద్దులో మన సైనికులు చనిపోయిన ఏడాది, దుకాణాల సంఘం పెద్ద సంతకాల కోసం ఒక కాగితం పట్టుకొచ్చాడు. చైనా సరుకు కొనం, అమ్మం, ప్రభుత్వం కూడా మొత్తం ఆపాలి అని అందులో ఉంది. అప్పటికి పక్క సందులో నాకూ చిన్న దుకాణం ఉంది. అందరిలాగే పెన్ను తీశాను. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నారు.

"నీ బేరింగులు ఏడికెల్లి వస్తున్నయ్‌రా?"

"మన కంపెనీవే ఉస్తాద్."

"చూసినవా?"

నా డబ్బా ఒకటి తెప్పించి గీకారు. లేబుల్ కింద చైనా అక్షరాలు. నా దుకాణంలో సగం సరుకు అదే. నేను మోటార్లు బాగుచేసి పంపే మా ఊళ్లో నాట్లు పడుతున్నాయి. మోటారు ఆగితే వారంలో మడి ఎండుతుంది.

సంఘం పెద్దకు కోపం వచ్చింది. "అయితే వాళ్ల సరుకే అమ్ముకుంట కూసోమంటవా?"

"వాళ్లను నేను అస్సలు నమ్మ. పొద్దుగాల నువ్వు ఒకటి ఆపితే, పొద్దుమీకి నీకు కావల్సింది వాళ్లు ఆపుతరు. అప్పుడు మోటార్ల ఏం ఏస్తవ్? నా మాట సుత నమ్మకు. నీ డబ్బాలు నువ్వే గీకి చూడు."

ఆ రోజు ఆయన సంతకం పెట్టలేదు, నేనూ పెట్టలేదు. బజారులో కొందరు ఆయన్ను చైనా ఉస్తాద్ అన్నారు. ఆయన మాత్రం తన దుకాణం గోడ మీద సుద్దతో మూడు వరుసలు రాశారు: ఇప్పుడే ఆపగలిగినవి, మనం చేసుకున్నాక ఆపేవి, వేరే దారి తెలియనివి. నెల తర్వాత మొదటి వరుసలోని సరుకుల పేర్లు వేరే కాగితం మీద రాసి, వాటి కింద సంతకం చేశారు. దాని కింద నేను చేశాను. ఆ మాట మేమిద్దరం తప్పలేదు. సంఘం కాగితం మీది సంతకాల సంగతి నాకు తెలియదు.

పోయినేడు కొత్త రకం మోటార్లలో వేసే అయస్కాంతాలను చైనావాళ్లే ఆపేశారు. సంఘం పెద్ద వచ్చి ఆ గోడ మీద మూడో వరుసలో వాటి పేరు చూసుకున్నాడు. ఉస్తాద్ చాయ్ తెప్పించారు.

పద్మారావు నగర్‌లో వాళ్ల ఇంటి ముందు ఆయన్ను ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. పెట్టె మీద మన కంపెనీ లేబుల్ ఉంది. నా బొటనవేలు దాని మూల మీదికి పోయింది. అవతలి పక్క నిలబడ్డ సంఘం పెద్ద నా చేతికేసే చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అద్దం లోపల ఆయన చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టి ఉన్నాయి. ఆ గోరు ఎవరూ కత్తిరించలేదు. దాని కింద ఆస్పత్రి సీసాదో ఏమో, తెల్ల కాగితం పీలిక ఒకటి ఇరుక్కుని ఉంది.