అక్క దాచిన మాట

సంతోష్‌నగర్ క్వార్టర్లలో సగం ఇళ్ల బట్టలు నీలమ్మ చేతి మీదుగానే వెళ్లేవి. ఉతికేది భర్త ఎల్లప్ప, ఇస్త్రీ చేసేది ఆమె. ఇస్త్రీపెట్టెను చెంప దగ్గరకు తెచ్చుకుని, ఆ సెగను బట్టి ఏ బట్టకు సరిపోతుందో తేల్చుకునేది. నిండా బొగ్గులు పోసిన ఇత్తడి పెట్టె ఆమెకు ఎన్నడూ బరువనిపించలేదు.

చిన్నతనంలోనే తల్లి పోతే ఆమెను పెంచింది అక్క ఆగమ్మ. ఆగమ్మ పెద్ద దవాఖానలో ఆయా. ఇంట్లో ఎవరికి సుస్తీ చేసినా డాక్టర్లతో మాట్లాడేది ఆమే. అందుకే కుడి రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలినప్పుడు, నీలమ్మ భర్తకంటే ముందు అక్కకు చెప్పింది.

పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. ఆ మాట ఆగమ్మ దాచలేదు. రొమ్ము తీసెయ్యాలని కూడా తనే చెప్పింది.

"తీసేస్తే బతుకుతనా అక్కా?"

"బతుకుతవ్."

"చెయ్యి పనిజేస్తదా మరి?"

ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎందుకు చెయ్యదే? రొమ్ము దీస్తరు గని చెయ్యి దీస్తరా?"

ఆ మాట మీద నీలమ్మ ఆపరేషన్‌కు వేలిముద్ర వేసింది. చంకలోని గడ్డలు కూడా తీశారు. తర్వాత కొన్ని వారాలు కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. చర్మం కమిలి, నల్లబడి, మెల్లగా మానింది. డెబ్బై ఏడులో వానలు వెనకపట్టేసరికి ఆమె మళ్లీ ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. చూడవచ్చిన ఆగమ్మ, "ఇస్త్రీ ఎల్లప్పను చెయ్యమనరాదే," అంది. అక్కకు మొదటినుంచీ ఎల్లప్పంటే పడదు. ఆ చిరాకే అనుకుని నీలమ్మ నవ్వేసింది.

చలికాలంలో కుడివైపు రైక చెయ్యి బిగుసుకుంది. కుట్లు విప్పి వదులు చేసుకుంది. మళ్లీ బిగుసుకుంది. వేళ్ల గణుపులు వాపులో కలిసిపోయాయి. సాయంత్రానికి చెయ్యి తడిసిన బొంతలా వేలాడేది. నొక్కితే గుంట పడి చాలాసేపటికి గాని పూడేది కాదు. బోదకాలు లాంటి రోగం చేతికొచ్చిందని క్వార్టర్లలో అనుకున్నారు. తమకెక్కడ అంటుకుంటుందోనని ఒకావిడ బట్టలు వేరేచోట వెయ్యడం మొదలుపెట్టింది.

"ఇదేందక్కా గిట్లయింది?"

"నీరు పట్టింది. ఉప్పు తగ్గియ్యి, పోతది. నువ్వు పని జర తగ్గియ్యి."

నీలమ్మ ఉప్పు తగ్గించడం కాదు, మానేసింది. చప్పటి పప్పు, చప్పటి చారు. ఎల్లప్ప గొణిగినా వినలేదు. దవాఖానలో పనిచేసే అక్క చెప్పింది మరి.

ఎండలు ముదిరిన రోజుల్లో పెట్టె అంచు తగిలి చూపుడువేలు మీద చిన్న బొబ్బ లేచింది. అలాంటివి ఆమెకు లెక్కలోనివి కావు. మర్నాటికి చెయ్యంతా ఎర్రబడి, ఒళ్లు వణికించే జ్వరం పట్టుకుంది. ఆగమ్మ కూతురి పురుడని మలక్‌పేటలో ఉంది. ఎల్లప్ప బట్టలుతికే ఘాటుకు వెళ్లాడు. పక్కింట్లో దూది రజాయిలు కుట్టే రాబియా రిక్షా పిలిచి దవాఖానకు తీసుకెళ్లింది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే ఉంది. చెయ్యి చూసింది, బొబ్బ చూసింది.

"ఈ చేత్తో ఇస్త్రీ చేస్తున్నావా? నిప్పు దగ్గరికి పోవద్దని, బరువులెత్తొద్దని, గాయం కానివ్వద్దని చెప్పాను కదా."

"నాకెవ్వరు చెప్పలే డాక్టరమ్మా."

"మీ అక్కకు చెప్పాను. చంకలో గడ్డలు తీస్తే కొందరికి చెయ్యి వాస్తుందని ఆపరేషన్‌కు ముందు చెప్పాను. కుట్లు విప్పినప్పుడు మళ్లీ చెప్పాను. నీకు అన్నీ వివరంగా చెప్పానంది ఆవిడ."

"ఉప్పు మానేసిన," అంది నీలమ్మ.

"ఈ వాపుకీ ఉప్పుకీ ఏం సంబంధం?"



దవాఖానలో ఉంచుకుని, మంచి చేతికే సూదులిచ్చి జ్వరం దించారు. పంపేముందు డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది: చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి. పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండాలి. చర్మం పగలకుండా కొబ్బరినూనె రాయాలి. సాగే పట్టీ వేళ్ల దగ్గర బిగువుగా మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ వదులు చేస్తూ చుట్టాలి. వాపు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది.

మనవడు పుట్టిన సంబరంతో ఆగమ్మ వచ్చింది. నీలమ్మ చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

"డాక్టరమ్మ నీకు చెప్పిందట గద."

ఆగమ్మ ఎదురుగా కూర్చుంది. "ముందు చెప్తే కోతకు ఒప్పుకోకపోదువు. నీ మొండితనం నాకెర్క లేదా? చెయ్యి కోసం పానం ఇడుస్తుంటివి."

"ఇడుస్తుంటినేమో. అది నేను మింగుత అక్కా. కోతయినంక ఎందుకు చెప్పలే?"

"ఎట్ల జెప్పాలె? చెయ్యి బాగుంటదని నేనే అంటి గద. రేపు జెప్త, ఎల్లుండి జెప్త అనుకుంట పోయిన."

"నా ముంగట్నే కూసున్నవ్. పెట్టె ఎత్తుతుంటె చూసుకుంట కూసున్నవ్."

ఆగమ్మ ఏడ్చింది. అక్క ఏడిస్తే నీలమ్మకు కూడా ఏడుపు రావడం చిన్నప్పటినుంచీ అలవాటు. ఆరోజు రాలేదు. తల్లి పోయిన రోజు గుర్తొచ్చింది. "అమ్మ ఊరికి పోయింది, వస్తది" అని ఆగమ్మ అంటే, తను ఎన్నాళ్లో గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. అదంతా ప్రేమేననుకుంది ఇన్నేళ్లు.

ఇస్త్రీ ఎల్లప్ప మీద పడింది. మొదట్లో రెండు చొక్కాలు కాల్చాడు, తర్వాత చెయ్యి తిరిగింది. నీలమ్మ ఎడమచేత్తో మడతలు పెట్టేది. పట్టీ మాత్రం ఒంటిచేత్తో చుట్టుకోవడం కుదరలేదు. ఎల్లప్ప కడితే మూట కట్టినట్టుండేది, వేళ్లు నీలంగా మారేవి. రాబియాకు తీరిక దొరికేది కాదు. ఒక పొద్దున డ్యూటీకి పోతూ ఆగమ్మ వచ్చి, ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. నీలమ్మ వాచిన చేతిని ఇచ్చింది. కట్టు బాగా కుదిరింది.

"బిగువుందా?"

"లేదు."

ఆ తర్వాత రోజూ అక్క వచ్చేది, కట్టేది. ఇద్దరి మధ్య మాటలు ఆపాటివే.

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆగమ్మ వెంట నిలబడితే, డాక్టరమ్మ అలవాటుగా ఆమె వైపు తిరిగింది.

"ఆమెకు గాదు, నాకు చెప్పుండ్రి," అంది నీలమ్మ. "ఆమెను బయట ఉండమనుండ్రి."

ఆగమ్మ తన దవాఖానలోనే, తనకు తెలిసిన నర్సుల ముందు నుంచి బయటకు నడిచింది.

చెయ్యి ఎడమదానిలా ఎన్నడూ కాలేదు. మరోసారి జ్వరం వచ్చింది. ఎర్రబడీ పడకముందే నీలమ్మ తనంతట తనే దవాఖానకు వెళ్లింది. ఆగమ్మ కట్టు కట్టడం మానలేదు. కడుతూ ఎప్పుడైనా మనవడికి పళ్లొచ్చాయనో, నడుస్తున్నాడనో చెప్పేది. నీలమ్మ "అట్లనా" అనేది. అక్క కూతురు మలక్‌పేట నుంచి వచ్చినప్పుడు, అక్క చెప్పింది నిజమేనా అని ఆమెను మళ్లీ అడిగేది.