పెంటవ్వ నవ్వుకొండలు

పెంటవ్వ భివండీలో మరమగ్గాలకు కండెలు చుట్టేది. మనసు మంచిదే. కాని తోడికోడలు కనకవ్వకు ఏ చిన్న గొప్ప దక్కినా ఆ పూట పెంటవ్వకు అన్నం సహించేది కాదు.

2003లో వరాలా తలావ్ చెరువు దగ్గర క్రిస్టినా నడిపే ఫోటో దుకాణంలోకి కంప్యూటర్ వచ్చింది. అందులో ఒక వింత ప్రోగ్రాం. ఫోటోలో తెల్లగా ఉన్న చుక్కల్ని ఎత్తుగా లేపి, నల్లగా ఉన్నవాటిని లోతుకు దించి, మనిషి ముఖాన్ని కొండలూ లోయలూగా గీసేది. క్రిస్టినా మొదట కనకవ్వ ఫోటో పెట్టి చూసింది. తెల్లరాయి ముక్కుపుడక శిఖరంలా లేచింది. ఆ బొమ్మను దుకాణం గోడకు తగిలించింది. వాడకట్టంతా వెళ్లి చూసి వచ్చింది.

పెంటవ్వ ఊరుకుంటుందా? "దాని పుడక కన్న నాది పెద్దది" అంటూ, డబ్బాలో సగం పౌడరు ముఖానికి కొట్టుకుని, మొగుడు కనుకయ్యను వెంటబెట్టుకుని బయలుదేరింది.

ఫోటో తీశారు. బొమ్మ వచ్చింది.

"ఇదేంది బిడ్డా, నా మొకం జొన్నరొట్టె లెక్క సాపుగున్నది? పుడకేది?"

"తెల్లగున్నదంత లేస్తది పెద్దమ్మా. మొకమంత తెల్లగ జేసుకొనొస్తే పుడక ఒక్కటే ఎట్ల కనవడ్తది? కడుక్కొని రా" అంది క్రిస్టినా.

పెంటవ్వ కడుక్కొని వచ్చి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. సరిగ్గా అప్పుడే కనుకయ్య కింది ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. అతను దబ్బున కూలబడ్డాడు. పెంటవ్వ పగలబడి నవ్వింది. ఫ్లాష్ వెలిగింది.

ఈసారి పుడక వైపు ఎవరూ చూడలేదు. బొమ్మ నడుమ పళ్లు తెల్లటి కొండల్లా బారులు తీరాయి. పన్ను ఊడిన చోట లోతైన సందు.

కనుకయ్య నడుం పట్టుకునే తొంగిచూశాడు. "ఓయమ్మో! గీ సందుల నుంచి నాసిక్ బస్సు పోతదే!"

పెంటవ్వ అతని మీద పడుతుందని క్రిస్టినా భయపడింది. పెంటవ్వ మాత్రం కళ్లార్పకుండా చూసి, "పెద్ద కాయితం మీద తీసియ్యి బిడ్డా" అంది.

పటం కట్టించి ఇంట్లో వేలాడదీసింది. కనకవ్వ వచ్చి చూసి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. తెల్లారి క్రిస్టినాను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"నేను రెండు పండ్లు పీకించుకొనొస్తే ఎట్లుంటది, బిడ్డా?"

క్రిస్టినా ఆమెకు దండం పెట్టి, రిక్షా ఎక్కించి ఇంటికి పంపింది.